లెడ్జర్ కాంట్రాక్టులు చూసుకునే వెబ్ యాప్: బ్రౌజర్ నుంచి లెడ్జర్‌ని నేరుగా అడగొచ్చా?

ముందు ప్రశ్న క్లుప్తంగా. మీ కంపెనీలో డ్యామల్ (ఒప్పందాలని కోడ్‌గా రాసే భాష) మీద ఇన్‌వాయిస్ ఫైనాన్స్ అప్లికేషన్ నడుస్తోంది, అంటే సప్లయర్ల ఇన్‌వాయిస్‌లని బ్యాంకు ముందే డబ్బిచ్చి కొనే వ్యవహారం. ఆ ఒప్పందాల రికార్డు ఉండే లెడ్జర్ మీద ఏముందో చూడాలంటే ఇన్నాళ్లూ డెవలపర్లే నావిగేటర్ అనే టూల్ తెరిచి చూసేవారు. ఇప్పుడు డ్యామల్ 3 సిరీస్‌కి మారుతున్నారు, అందులో నావిగేటర్ లేదు. పైగా ఆపరేషన్స్ వాళ్లు కూడా "మాకో స్క్రీన్ ఇవ్వండి" అంటున్నారు. రియాక్ట్‌లో ఒక యాప్ రాసి బ్రౌజర్ నుంచే జేసన్ ఏపీఐని (లెడ్జర్‌ని వెబ్ ద్వారా అడిగే దారి) పిలిస్తే సరిపోతుందా, మధ్యలో డేటాబేస్ పెట్టాలా అన్నది మీ సందేహం. చేతిలో ఇద్దరు మనుషులు, రెండు నెలల టైమ్.

నా సమాధానం: మధ్యలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టండి. చదవడమంతా అక్కణ్ణుంచి, రాయడం మాత్రమే లెడ్జర్‌కి. బ్రౌజర్‌కి లెడ్జర్ అడ్రస్ తెలియాల్సిన పని కూడా లేదు. ఒక్క సందర్భంలో మాత్రం నేరుగా అడగొచ్చు. కాంట్రాక్టులు రెండు మూడు వేలకు మించకుండా, చూసేది మీ డెవలపర్లే అయితే జేసన్ ఏపీఐ చాలు, వారంలో పని అయిపోతుంది. ఆపరేషన్స్ వాళ్లు అడుగుతున్నారన్నారు కాబట్టి మీది ఆ సందర్భం కాదు.

ఇదే పని నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి మీరు అనుకుంటున్న పద్ధతిలోనే చేసి దెబ్బతిన్నాను. రెండోది ఇప్పటికీ నడుస్తోంది. కింద రాసేదంతా ఆ రెండింటి నుంచి వచ్చిందే.

డ్యామల్ తెలియకుండా ఇది చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. డిజిటల్ అసెట్ అనే కంపెనీ తయారుచేసిన భాష ఇది, హాస్కెల్ పునాది మీద కట్టారు, 2019 ఏప్రిల్‌లో ఓపెన్ సోర్స్ చేశారు. ఇందులో టెంప్లేట్ అంటే ఒప్పందం నమూనా. ఆ నమూనాతో పుట్టిన ఒక్కో ఒప్పందం ఒక కాంట్రాక్ట్. దానికి సంతకందారులు ఉంటారు, వాళ్లని సిగ్నేటరీలంటారు. చూసే హక్కు మాత్రమే ఉన్నవాళ్లు అబ్జర్వర్లు. ఒప్పందం మీద చేయగలిగిన పని పేరు చాయిస్. కింద నడిచే క్యాంటన్ నెట్‌వర్క్‌లో ప్రతి సంస్థా తన పార్టిసిపెంట్ నోడ్ (తన సర్వర్) నడుపుకుంటుంది, లేదా ఇంకొకరి నోడ్ మీద ఉంటుంది. ఒప్పందాల్లో పాలుపంచుకునేవాళ్లని పార్టీలంటారు. ఆ నోడ్‌కి తన మీద ఉన్న పార్టీలకు సంబంధించిన కాంట్రాక్టులు తప్ప మిగతావి చేరనే చేరవు.

ఎథీరియమ్ లాంటి పబ్లిక్ బ్లాక్‌చెయిన్ అలవాటున్నవాళ్లు తడబడేది ఇక్కడే. ఈథర్‌స్కాన్ లాంటి ఎక్స్‌ప్లోరర్‌లో ఎథీరియమ్‌లోని ఏ కాంట్రాక్ట్ అయినా ఎవరైనా చూడొచ్చు. డ్యామల్‌లో 'మొత్తం లెడ్జర్' అనే చోటు ఎక్కడా లేదు. మీ నోడ్‌కి కనిపించేదే మీ లెడ్జర్. అందుకని "డ్యామల్‌కి ఈథర్‌స్కాన్ కట్టి ఇవ్వండి" అని ఎవరైనా అడిగితే, వాళ్లకి నిజంగా ఏం కావాలో కూర్చోబెట్టి మళ్లీ అడగండి.

ఇక డేటాబేస్ ఎందుకు?

మా నాన్నగారు రైస్ మిల్లులో గుమాస్తాగా చేసేవారు. పగలంతా జరిగిన ప్రతి లావాదేవీ జరిగిన వరసలోనే చిట్టాలో రాసేవారు. సాయంత్రం కూర్చుని దాన్ని ఎవరి ఖాతాకి వాళ్లకి ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఫలానా రైతుకి ఎంత బాకీ అని ఓనరుగారు అడిగితే తిరగేసేది ఆవర్జానే. చిట్టా ముట్టుకునేది తగాదా వచ్చినప్పుడు మాత్రమే.

మన టెక్నాలజీకి లెడ్జర్ అని పేరు పెట్టారు గానీ దాని మనసంతా చిట్టాయే. ఇది పుట్టింది, అది ఆర్కైవ్ అయింది (అంటే ఇక చెల్లదు), ఇంకోటి పుట్టింది అంటూ వరసగా సంగతులు చెబుతుంది. ప్రస్తుతం బతికున్న కాంట్రాక్టుల జాబితా అడిగితే అదీ ఇస్తుంది. కానీ "ఫలానా కొనుగోలుదారుడి మీద మార్చి 31లోపు గడువు తీరే ఇన్‌వాయిస్‌లు, పెద్ద మొత్తం నుంచి చిన్నదానికి, మూడో పేజీ" అని అడగడానికి అది కట్టింది కాదు. ఆ ప్రశ్నకి ఆవర్జా కావాలి. అది మీరే రాసుకోవాలి.

మొదటిసారి నేను రాసుకోలేదు. పాత జేసన్ ఏపీఐలో క్వెరీ అనే దారి ఉండేది. టెంప్లేట్ పేరు ఇస్తే బతికున్న కాంట్రాక్టులన్నీ ఒకే జవాబులో వచ్చిపడేవి, పేజీలుగా తెంపుకునే వీలు లేదు. డెమోలో 300 ఇన్‌వాయిస్‌లు, మెరుపులా పనిచేసింది, చప్పట్లు కొట్టారు. లైవ్‌కి వెళ్లిన అయిదు నెలలకి ఆ సంఖ్య 60,000 దాటింది. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి అందరూ ఒకేసారి లాగిన్ అయ్యేవారు. ఆపరేషన్స్‌లో ఒక మేడమ్ పేజీ తెరిచి కాఫీకి వెళ్లొచ్చేవారు, వచ్చేసరికి కూడా చక్రం తిరుగుతూనే ఉండేది. అసలు టెన్షన్ అది కాదు. ఈ చదవడాల భారం పడి లెడ్జర్‌కి వెళ్లాల్సిన కొత్త లావాదేవీలు కూడా నెమ్మదించాయి. చూడ్డానికి కట్టిన స్క్రీన్ వల్ల వ్యాపారం ఆగే పరిస్థితి.

రెండోసారి మొదట రాసింది చిట్టా చదివి ఆవర్జాకి ఎక్కించే సర్వీసు. మా టీమ్‌లో దాని పేరే గుమాస్తా. పేరు సరదాకే పెట్టినా కొత్తగా చేరినవాళ్లకి దాని పని విడమర్చి చెప్పాల్సిన అవసరం రాలేదు.

గుమాస్తా చేసే పని ఇంతే. మొదట లెడ్జర్ చివరి ఆఫ్‌సెట్ (సంగతుల వరసలో ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే నంబరు) ఎంతో అడుగుతాడు. ఆ ఆఫ్‌సెట్ దగ్గర బతికున్న కాంట్రాక్టుల జాబితా మొత్తం తెచ్చుకుని పోస్ట్‌గ్రెస్‌లో రాస్తాడు. ఆ తర్వాత అదే ఆఫ్‌సెట్ నుంచి అప్‌డేట్ల స్ట్రీమ్ పట్టుకుని, వచ్చింది వచ్చినట్టు ఎక్కిస్తూ పోతాడు. ఆగిపోయి మళ్లీ లేస్తే ఎక్కడ ఆపాడో అక్కణ్ణుంచే.

ఇందులో ఒక్కచోట జాగ్రత్త. టేబుల్లో కాంట్రాక్ట్ వరసలూ (రోలు), ఆఫ్‌సెట్టూ ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో కమిట్ కావాలి, అంటే పడితే రెండూ పడాలి, లేకపోతే రెండూ పడకూడదు. మా కుర్రాడు ఆఫ్‌సెట్‌ని తేలిగ్గా ఉంటుందని రెడిస్ అనే వేరే స్టోర్‌లో పెట్టాడు. ఒకరోజు సర్వర్ పడిపోయింది. ఆఫ్‌సెట్ ముందుకు వెళ్లింది, వరసలు మాత్రం పోస్ట్‌గ్రెస్‌లో పడలేదు. పదకొండు ఇన్‌వాయిస్‌లు మా ఆవర్జాలో లేవు, లెడ్జర్‌లో ఉన్నాయి. ఎర్రర్ కూడా ఎక్కడా రాలేదు. మూడు రోజుల తర్వాత ఒక సప్లయర్ ఫోన్ చేస్తేగానీ తెలియలేదు. దీనికి మందు చాలా చిన్నది, ఆఫ్‌సెట్‌కి అదే డేటాబేస్‌లో ఒక్క వరస ఉన్న టేబుల్.

రెండో జాగ్రత్త ఆర్కైవ్ గురించి. కాంట్రాక్ట్ ఆర్కైవ్ అయిందని స్ట్రీమ్‌లో వచ్చే కబురులో దాని ఐడీ, టెంప్లేట్ పేరు లాంటివే ఉంటాయి. లోపల ఎంత మొత్తం, ఎవరి పేరు అన్నవి ఉండవు. కాబట్టి ఆర్కైవ్ అయిందని వరసని డిలీట్ చేస్తే దాని వివరం మీ దగ్గర పోయినట్టే. వరసని ఉంచండి, ఆర్కైవ్ అయిన ఆఫ్‌సెట్ ఒక కాలమ్‌లో రాయండి, అంతే.

గుమాస్తాని సొంతంగా రాయాలా అని అడుగుతారేమో. పార్టిసిపెంట్ క్వెరీ స్టోర్ అని డిజిటల్ అసెట్ వాళ్లదే ఒక సరుకు ఉంది, పీక్యూఎస్ అంటారు. ఇదే పని చేస్తుంది, పోస్ట్‌గ్రెస్‌లోనే రాస్తుంది. బతికున్నవి, పుట్టినవి, ఆర్కైవ్ అయినవి అడగడానికి రెడీమేడ్ ఎస్‌క్యూఎల్ ఫంక్షన్లు ఇస్తుంది. మీకు దొరికే వీలుంటే అదే వాడండి. మేం రాసుకున్నది అప్పట్లో మా లైసెన్స్‌లో అది లేకే తప్ప గొప్పకి కాదు. అయితే పీక్యూఎస్ టేబుళ్ల మీద నేరుగా స్క్రీన్లు కట్టకండి. మీ వ్యాపారానికి సరిపడే వ్యూలు (ముందే రాసి పేరు పెట్టుకున్న క్వెరీలు) మధ్యలో పెట్టుకోండి. ఎందుకో ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే ఆపరేషన్స్ వాళ్ల నుంచి వచ్చే ఫోన్లలో సగం దీని గురించే.

"నిన్న చూసిన ఇన్‌వాయిస్ ఇవాళ మాయమైందండీ."

ఈ మాట మొదటి నెలలో కనీసం పదిసార్లు విని ఉంటాను. ఇన్‌వాయిస్ ఎక్కడికీ పోలేదు. డ్యామల్‌లో కాంట్రాక్ట్‌ని దిద్దడం ఉండదు. కొనుగోలుదారుడు ఇన్‌వాయిస్ ఒప్పుకున్నాడంటే పాత కాంట్రాక్ట్ ఆర్కైవ్ అయి, 'ఒప్పుకున్నారు' అన్న స్థితితో కొత్తది పుడుతుంది. కొత్తదానికి కొత్త ఐడీ. బ్యాంకు డబ్బిస్తే మళ్లీ ఇంకోటి. ఆపరేషన్స్ మేడమ్ నిన్న ఆ పేజీ లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టుకున్నారు. ఆ లింకులో ఉన్నది నిన్నటి కాంట్రాక్ట్ ఐడీ. ఇవాళ అది బతికి లేదు, స్క్రీన్ 'దొరకలేదు' అంది. డెవలపర్‌కి ఇది సరైన జవాబు. ఆవిడకి మాత్రం పాతిక లక్షల ఇన్‌వాయిస్ కనపడకుండా పోయింది.

మనిషి దృష్టిలో ఇన్‌వాయిస్ ఒక్కటే. లెడ్జర్ దృష్టిలో అది ఒకదాని తర్వాత ఒకటి పుట్టి పోయిన అయిదారు కాంట్రాక్టులు. మీ యాప్ చూపించాల్సింది మనిషి దృష్టిలో ఉన్న ఇన్‌వాయిస్‌ని. ఇది తేలకుండా స్క్రీన్ల పని మొదలుపెట్టొద్దు.

దీనికి తేలిక దారి టెంప్లేట్‌లోనే ఉంది. కాంట్రాక్ట్ ఎన్నిసార్లు మారినా మారని ఒక నంబరు ఫీల్డుగా పెట్టండి, ఇన్‌వాయిస్ నంబరూ సప్లయర్ పార్టీ కలిపి అయినా సరే. పేజీ లింకులో ఆ నంబరే వాడండి. లోపల ఆ నంబరున్న కాంట్రాక్టులన్నీ ఆఫ్‌సెట్ వరసలో పెడితే చరిత్ర దానంతటదే వస్తుంది. 2 సిరీస్‌లో కాంట్రాక్ట్ కీలు ఉండేవి, అవి ఇదే పనికి పనికొచ్చేవి. 3కి మారుతున్నామన్నారు కాబట్టి వాటి మీద ఏమీ కట్టకండి.

టెంప్లేట్‌లు మీ చేతిలో లేకపోతే కష్టమైన దారి ఒకటుంది. మామూలు స్ట్రీమ్‌లో పుట్టుకలూ ఆర్కైవ్‌లూ మాత్రమే వస్తాయి. ఏ చాయిస్ వల్ల ఏది పుట్టిందో కావాలంటే పూర్తి చెట్టు ఆకారంలో ట్రాన్సాక్షన్ అడగాలి. అందులో చాయిస్ పేరు, దానికి ఇచ్చిన వివరాలు, దాని కింద పుట్టిన కాంట్రాక్టులు అన్నీ వరసగా ఉంటాయి. ఒకే ట్రాన్సాక్షన్‌లో ముప్ఫై ఇన్‌వాయిస్‌లు కలిపి బ్యాంకు కొంటే, పాతవి ముప్ఫై పోయి కొత్తవి ముప్ఫై వస్తాయి. చెట్టు లేకపోతే ఏ పాతదానికి ఏ కొత్తది వారసురాలో ఊహించాల్సిందే. ఇంకో లాభం కూడా ఉంది. కొన్ని చాయిస్‌లు కాంట్రాక్ట్‌ని ఆర్కైవ్ చేయవు. కొన్ని కాంట్రాక్టులు ఒకే ట్రాన్సాక్షన్‌లో పుట్టి అందులోనే పోతాయి. ఇవి రెండూ మామూలు స్ట్రీమ్‌లో కనపడవు, చెట్టులో కనపడతాయి. ఆడిట్ వాళ్లు అడిగేవి ఎక్కువగా ఇలాంటివే.

మా డిటెయిల్ పేజీలో ఎడమవైపు ఇన్‌వాయిస్ ఇప్పటి స్థితి, కుడివైపు పైనుంచి కిందికి దాని కథ ఉంటాయి. "సప్లయర్ పెట్టారు, కొనుగోలుదారు ఒప్పుకున్నారు, బ్యాంకు కొన్నది" అని మామూలు మాటల్లో. ప్రతి మెట్టు పక్కనా చిన్న బాణం, అది నొక్కితే అసలు కాంట్రాక్ట్ ఐడీ, టెంప్లేట్, జేసన్. ఆ బాణం నొక్కేది డెవలపర్లు, ఆడిటర్లే. దాన్ని తీసేద్దామని డిజైనర్ గొడవ చేసింది, నేను ఒప్పుకోలేదు. అర్ధరాత్రి ప్రొడక్షన్‌లో సమస్య వస్తే మనం వెతికేది ఆ బాణం కిందే.

ఇప్పుడు ఎవరికి ఏం కనపడాలన్న విషయం. ఇక్కడ తప్పు జరిగితే ఉద్యోగాలు పోతాయి కాబట్టి తీరిగ్గా చదవండి.

బ్రౌజర్ నుంచి నేరుగా లెడ్జర్‌ని అడిగితే ఒక సుఖం ఉంది. లాగిన్‌తో వచ్చే టోకెన్‌లో ఏ పార్టీ తరఫున చదవొచ్చో రాసి ఉంటుంది, దాన్ని దాటి నోడ్ ఏమీ ఇవ్వదు. పోస్ట్‌గ్రెస్ మధ్యలోకి రాగానే ఆ కాపలా పోతుంది. గుమాస్తా మీ నోడ్ మీద ఉన్న పార్టీలన్నిటి తరఫునా చదువుతాడు. మీ నోడ్ మీద రెండు బ్యాంకులు ఉంటే రెండింటి కాంట్రాక్టులూ ఒకే టేబుల్లో పక్కపక్కన పడుకుంటాయి. డ్యామల్ ఇచ్చిన గోప్యత అక్కడితో ఆగింది, ఇకమీదట కాపలా మీదే.

మాకు లైవ్‌కి పది రోజుల ముందు టెస్టింగ్‌లో పట్టుబడింది. లిస్టు స్క్రీన్‌లో ఫిల్టర్ ఉంది, డిటెయిల్ పేజీలో ఉంది, సెర్చ్‌లో ఉంది. ఎక్సెల్ డౌన్‌లోడ్‌లో లేదు. ఆ దారి చివర్లో హడావిడిగా కలిపింది, దాని క్వెరీ వేరే ఫైల్లో ఉంది. టెస్టర్ రెండో బ్యాంకు లాగిన్‌తో డౌన్‌లోడ్ కొడితే మొదటి బ్యాంకు డిస్కౌంట్ రేట్లు వచ్చాయి. ఆ రేట్లే వాళ్ల వ్యాపార రహస్యం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, పట్టుబడినందుకు సంతోషంతో కాదు, ఇలాంటి దారులు ఇంకెన్ని ఉన్నాయో తెలియక.

తర్వాత చేసింది ఇది. ప్రతి కాంట్రాక్ట్ వరసలో సిగ్నేటరీలు, అబ్జర్వర్లు ఇద్దరినీ కలిపి ఒక అర్రే కాలమ్‌గా పెట్టాం, దాని మీద జిన్ ఇండెక్స్ (అర్రేలో వెతకడం వేగంగా జరగడానికి). పోస్ట్‌గ్రెస్‌లోని రో లెవెల్ సెక్యూరిటీ ఆన్ చేశాం. యాప్ ప్రతి ట్రాన్సాక్షన్ మొదట్లో "ఇప్పుడు లాగిన్ అయిన మనిషి పార్టీలు ఇవి" అని ఒక వేరియబుల్ పెడుతుంది. వరసలోని పార్టీలకీ వీటికీ కనీసం ఒక్కటి కలవకపోతే ఆ వరస ఏ క్వెరీకీ కనపడదు. ఆ వేరియబుల్ ట్రాన్సాక్షన్ వరకే బతికేలా పెట్టండి. సెషన్‌కి పెడితే, అందరూ మార్చి మార్చి వాడుకునే కనెక్షన్ పూల్‌లో ఒకరి పార్టీలు ఇంకొకరికి అంటుకుంటాయి. యాప్ లాగిన్ అయ్యే డేటాబేస్ యూజర్ టేబుల్ ఓనర్ కాకూడదు, ఓనర్‌కి ఈ సెక్యూరిటీ మామూలుగా వర్తించదు. ఇది తెలియక సెక్యూరిటీ పెట్టేశామని నమ్మి కూర్చున్న టీమ్‌ని నేను చూశాను.

ఇంతకుముందు చెప్పిన చెట్టుతో ఇక్కడో మెలిక ఉంది. చెట్టులో మీ పార్టీ కేవలం సాక్షిగా చూసిన కాంట్రాక్టులు కూడా వస్తాయి, వాటిలో మీ పార్టీ సిగ్నేటరీ కాదు, అబ్జర్వర్ కాదు. వాటిని బతికున్న కాంట్రాక్టుల టేబుల్లో కలపకండి. అవి ఎప్పుడు ఆర్కైవ్ అయ్యాయో మీకు కబురు రాదు, అవి ఎప్పటికీ బతికున్నట్టే కనిపిస్తాయి. చరిత్ర టేబుల్లో పెట్టుకోండి.

చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి, వీటి వల్ల పోయిన టైమ్ మాత్రం చిన్నది కాదు.

అంకెలు. డ్యామల్ డెసిమల్‌లో చుక్క తర్వాత పది అంకెలు, మొత్తం 38 అంకెల వరకు పడుతుంది. జేసన్‌లో అది స్ట్రింగ్‌గా వస్తుంది, అది కావాలనే చేశారు. జావాస్క్రిప్ట్ నంబరులో అన్ని అంకెలు పట్టవు, పూర్ణ సంఖ్యలే 9,007,199,254,740,991 దాటితే నమ్మకం లేదు. మా కుర్రాడు స్ట్రింగ్‌ని నంబరుగా మార్చి బ్రౌజర్‌లోనే మొత్తాలు కూడాడు. నెలాఖరు టోటల్‌లో ఒక్క పైసా తేడా. అకౌంట్స్‌లో పెద్దాయన కాలిక్యులేటర్ మీద కూడి మరీ చూపించారు. "పైసాయే కదండీ" అన్నాడు మావాడు. ఆయన చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. కూడికలన్నీ పోస్ట్‌గ్రెస్ న్యూమరిక్‌లో చేయించండి. బ్రౌజర్ పని చూపించడం వరకే, అదీ 12,50,000.00 అని లక్షల కామాలతో.

తేదీలు. మా న్యూజెర్సీ కొలీగ్ గడువు తేదీ మార్చి 30 అంటాడు, హైదరాబాద్‌లో మాకు మార్చి 31. ఆర్థిక సంవత్సరం చివరి రోజు కాబట్టి అది వాదించుకోదగ్గ విషయమే. లెడ్జర్‌లో ఉన్నది టైమ్ లేని ఉత్త తేదీ. జావాస్క్రిప్ట్ డేట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. మనకి అది పొద్దున అయిదున్నర, అదే రోజు. వాళ్లకి ముందురోజు రాత్రి. ఇండియాలో కూర్చుని టెస్ట్ చేస్తే ఈ బగ్ జన్మలో దొరకదు. ఉత్త తేదీని స్ట్రింగ్‌గానే ఉంచి చూపించండి.

పార్టీ ఐడీలు. ఇవి 'పేరు, రెండు కోలన్లు, ఒక పొడుగాటి హ్యాష్' ఆకారంలో ఉంటాయి. హ్యాష్ 1220తో మొదలవుతుంది, అది షా 256 పద్ధతిలో తీసిన హ్యాష్ అని చెప్పే గుర్తు, కాబట్టి అందరిదీ అలాగే మొదలవుతుంది. స్క్రీన్‌లో చోటు లేదని హ్యాష్‌లో మొదటి నాలుగు అక్షరాలే చూపిస్తే అందరూ ఒక్కలాగే ఉంటారు. పోనీ చివరి ఆరు చూపిద్దామంటే, ఒకే నోడ్ మీద మామూలుగా పుట్టించిన పార్టీలకి హ్యాష్ అంతా ఒకటే. మేం ఆ రెండూ చేసి చూశాం. పార్టీ ఐడీకి ఎదురుగా మనుషులు పిలిచే పేరు ఉన్న చిన్న టేబుల్ పెట్టుకోండి, ఆ పేరు చూపించండి, నొక్కితే పూర్తి ఐడీ కాపీ అయ్యేలా. అన్నట్టు, ఆపరేషన్స్ వాళ్లకి ఇచ్చే స్క్రీన్‌లో 'పార్టీ' అనే మాట కూడా వాడొద్దు. "ఎవరి పార్టీ? ఎక్కడ?" అని జోకులు మొదలవుతాయి. 'సంస్థ' అని పెట్టాం.

ప్యాకేజీ వెర్షన్లు. టెంప్లేట్ పూర్తి ఐడీలో ప్యాకేజీ (కంపైల్ అయిన డ్యామల్ కోడ్) హ్యాష్ ఉంటుంది, కోడ్ మారితే హ్యాష్ మారుతుంది. మీ క్వెరీలు ఆ హ్యాష్ పట్టుకుని వెతికితే, అప్‌గ్రేడ్ రోజు నుంచి కొత్త ఇన్‌వాయిస్‌లు లిస్టులో రావు. ప్యాకేజీ పేరు, మాడ్యూల్, టెంప్లేట్ పేరుతో వెతకండి, హ్యాష్‌ని పక్క కాలమ్‌లో ఉంచండి. కొత్తగా కలిసిన ఫీల్డులు పాత కాంట్రాక్టుల్లో ఖాళీగా ఉంటాయన్నది కూడా స్క్రీన్‌కి తెలియాలి.

బటన్లు. చూడ్డానికే అని మొదలుపెట్టినా నెల తిరక్కుండా "ఇక్కడే అప్రూవ్ కొట్టేలా పెట్టొచ్చుగా" అంటారు. పెట్టేటప్పుడు బ్రౌజర్ మీ సర్వర్‌ని అడగాలి, సర్వర్ లెడ్జర్‌ని అడగాలి. కమాండ్ ఐడీని (లెడ్జర్‌కి పంపే ప్రతి పనికీ మీరిచ్చే గుర్తు) బటన్ నొక్కినప్పుడు కాదు, ఫారం తెరిచినప్పుడు తయారుచేయండి. అప్పుడు ఎవరైనా కంగారులో రెండుసార్లు నొక్కినా లెడ్జర్ రెండోదాన్ని డూప్లికేట్ అని తిప్పికొడుతుంది.

ఇంకోటి, లెడ్జర్‌లో పని అయిపోయాక గుమాస్తా దాన్ని ఎక్కించేలోపు అరసెకను, సెకను పడుతుంది. ఆ సందులో పేజీ రిఫ్రెష్ అయితే పాత స్థితే కనపడుతుంది. అప్రూవ్ పడలేదనుకుని మళ్లీ నొక్కుతారు, కాంట్రాక్ట్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది, మీకు ఫోన్ వస్తుంది. కమాండ్ పూర్తయినప్పుడు లెడ్జర్ ఆఫ్‌సెట్ ఇస్తుంది. గుమాస్తా ఆ ఆఫ్‌సెట్ దాటేవరకు సర్వర్ జవాబు ఆపి, ఆ తర్వాత పేజీ చూపించండి. మనిషికి ఆ సెకను తెలియదు.

గుమాస్తా ఎక్కడిదాకా చదివాడో పేజీ పైన మూలలో ఎప్పుడూ కనపడాలి. "10:42 వరకు ఉన్న వివరాలు" అని చిన్న అక్షరాల్లో చాలు, అయిదు నిమిషాలు దాటితే ఎర్రగా మారాలి. మాది ఒకసారి 40 నిమిషాలు ఆగిపోయింది. స్క్రీన్లన్నీ చక్కగా, వేగంగా, పాత లెక్కలు చూపిస్తూ కూర్చున్నాయి. వాటిని చూసుకుని ఒక ఉద్యోగి క్లయింటుకి "మీ డబ్బింకా రాలేదండీ" అని చెప్పాడు, ఆ డబ్బు వచ్చి అరగంట అయింది. స్ట్రీమ్‌లో చాలాసేపు ఏ లావాదేవీ లేకపోవడం వేరు, గుమాస్తా చచ్చిపోవడం వేరు. ఆ తేడా తెలియాలంటే అప్పుడప్పుడు లెడ్జర్ చివరి ఆఫ్‌సెట్ అడిగి పోల్చుకోండి.

ప్రూనింగ్ గురించి మీ నోడ్ నడిపేవాళ్లతో ఇప్పుడే మాట్లాడండి. చోటు కోసం వాళ్లు పాత చరిత్ర కోసేస్తారు. బతికున్న కాంట్రాక్టులు ఉంటాయి, కోసిన ఆఫ్‌సెట్ ముందరి సంగతులు మళ్లీ అడిగితే రావు. అంటే అప్పటిదాకా "ఏమైనా అయితే మొదట్నుంచి మళ్లీ చదివించుకుందాం" అనుకున్న మీ పోస్ట్‌గ్రెస్, ఆ రోజు నుంచి చరిత్రకి మీ ఏకైక కాపీ. బ్యాకప్ దాన్ని బట్టి పెట్టుకోండి.

రెండు నెలలు సరిపోతాయా అన్నారు. సరిపోతాయి. మొదటి మూడు వారాలు ఒకరు గుమాస్తా మీద, ఒకరు వ్యూలూ సెక్యూరిటీ మీద. ఆ తర్వాత రెండు స్క్రీన్లు, లిస్టూ డిటెయిలూ. గ్రాఫులూ డ్యాష్‌బోర్డులూ అడుగుతారు, ఇవ్వకండి. మేం ఇచ్చాం, ఆర్నెల్లకి లాగ్ చూస్తే ఆ పేజీ తెరిచింది అడిగిన మేనేజర్ ఒక్కరే, అదీ రెండుసార్లు. వాటికన్నా సెర్చ్ పెట్టె మీద వారం పెట్టండి. ఇన్‌వాయిస్ నంబర్లో చివరి నాలుగంకెలు కొట్టినా, సప్లయర్ పేరులో ముక్క కొట్టినా, కాంట్రాక్ట్ ఐడీ మొత్తం అతికించినా ఒకే పెట్టెలో దొరకాలి. ఫోన్లో అవతలి మనిషి చెప్పేవి ఆ మూడే.

ఇంకా వివరంగా చెప్పాలంటే రెండు సంగతులు రాయండి. మీ ఇన్‌వాయిస్ టెంప్లేట్‌లో మారని నంబరు ఫీల్డు ఇప్పటికే ఉందా? మీ నోడ్ మీద మీ సంస్థ పార్టీలు తప్ప బయటివాళ్లవి ఉన్నాయా? లేవు అంటే పైన రో లెవెల్ సెక్యూరిటీ గురించి రాసిందంతా దాటేయొచ్చు, మీకు దాదాపు రెండు వారాలు మిగులుతాయి.